ఉచితపు వాపసు ఉచితమేనా?

సంస్కృతమున ఉచితమనగా తగినది, యుక్తమైనది అని యర్థము. తెలుగువారి నోట ఆ మాట వెల లేనిదను అర్థమును గూడ సంపాదించుకొన్నది. ఒక పదమునకు రెండర్థము లుండుట భాషకు దోషము కాదు. రెండవ యర్థమునకు మరగి మొదటి యర్థమును మఱచుట మాత్రము ఆ భాష మాటలాడు జనులకు దోషము. వెల లేక దొరకినదెల్ల తగినదే యను నమ్మకము నేడు మన మధ్యతరగతి కుటుంబములలో వేరు పాఱినది. అది యెంత లోతునకు బోయినదో తెలిసికొన గోరువారు దసరా వెళ్లిన మఱునాడు హైదరాబాదున గాని విజయవాడలో గాని ఏదేని యొక అపార్టుమెంటు గుమ్మము కడ ఒక గంట నిలిచి చూతురు గాక. పండుగకు ముందు లోపలికి బోయిన మూటలలో కొన్ని పండుగ కాగానే వచ్చిన దారినే వెలుపలికి బోవుచుండును.

సెల్ ఫోనులో బొమ్మ చూచి వస్తువును తెప్పించుకొనుట, నచ్చనిచో గడువులోపల రవాణా ఖర్చు లేకుండ తిప్పి పంపుట, చెల్లించిన పైకమును పూర్తిగా రాబట్టుకొనుట నేటి ఆన్‌లైను వర్తకపు పద్ధతి. ఈ పద్ధతిని నేను నిందించుట లేదు. వస్తువు చినిగి వచ్చినను, చూపినదొకటియు పంపినదొకటియు నైనను, కొలత చాలకున్నను దానిని తిప్పి పంపుట కొన్నవాని హక్కు. ఆ హక్కును వదలుకొనుడని చెప్పుటకు నేను కలము పట్టలేదు. నా వివాదము వేఱొకరితో. పండుగకు కట్టుకొని మఱునాడు తిప్పి పంపు నుద్దేశముతోనే చీరను తెప్పించువారితో. ట్యాగును త్రెంపక జాకెట్టు లోపల దోపుకొని పెండ్లికి బోవువారితో. ఫొటో యొక్కటి దిగుటకై కోటు తెప్పించి, దిగిన గంటకే 'నచ్చలేదు' అని నొక్కువారితో. క్రికెట్టు పోటీల కొఱకు గోడంత టీవీ తెప్పించి, పోటీలు ముగియగానే 'బొమ్మ సరిగా లేదు' అని వ్రాయువారితో. వీరిలో అక్షరజ్ఞానము లేనివారు లేరు. పట్టభద్రులున్నారు, ఉద్యోగస్థులున్నారు, సభలలో అవినీతిని ఖండించువారున్నారు. వీరెవ్వరును పొరుగువాని పెరటిలోని కొబ్బరికాయను ముట్టరు. అట్టివారు ఈ పని చేయుచు సిగ్గుపడకపోవుటయే గాక, దీనిని తెలివితేటలలో జమ కట్టుచున్నారు. అందుచేతనే దీనిని గూర్చి వ్రాయవలసి వచ్చినది.

నేను చెప్పదలచిన దిది. చూడకుండ కొన్నవానికి చూచు అవకాశము కల్పించుటకై యేర్పడిన హక్కును వాడుకొనుటకు వినియోగించువాడు అద్దె చెల్లింపని అద్దెదారుడు. అందులకై అబద్ధపు కారణమును వ్రాయువాడు కూటసాక్షి. ఈ రెంటి వలని నష్టము, మనము సమాధానము చెప్పుకొనునట్లు పెద్ద కంపెనీ మీద గాక, కంటి కగపడని చిన్నవాని మీద బడుచున్నది.

మొదట ఈ హక్కు ఎందులకు పుట్టినదో విచారింతము. బట్టల కొట్టునకు బోయినవాడు అంచును తడవి చూచును. రంగును వెలుతురున బెట్టి చూచును. ఇరువది చీరలు విప్పించి యొక్కటి కొనును, ఒక్కటియు కొనకయు లేచిపోవును. కొట్టువాడు వానిని తప్పు పట్టడు. చూచుట కొనువాని హక్కు, చూపుట అమ్మువాని ధర్మము. దూరము నుండి తెప్పించుకొను వర్తకమున ఈ చూపు లేదు. 1872వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున మాంట్గొమరీ వార్డు అను వర్తకుడు పల్లెటూరి రైతులకు తపాలా మూలమున సరకు లమ్మ నారంభించినప్పుడు రైతుల మొదటి సందేహ మిదియే: చూడని సరకునకు పైకమెట్లు పంపుట? ఆ సందేహము తీర్చుటకే తృప్తి కలుగనిచో పైకము తిరిగి యిత్తునని 1875లో అతడు హామీ యిచ్చెను. నేటి కంపెనీల హామీకి మూలపురుషుడు ఇట్టి వర్తకుడే. కొట్టులో చేతితో తడవి చేయు పరీక్షను ఇంటిలో చేసికొనుటకు ఇచ్చిన యనుజ్ఞ యిది. ఇంతకు మించిన దేమియు నిందు లేదు.

చట్టములును ఇంతవఱకే యంగీకరించినవి. ఐరోపా సమాఖ్య 2011లో చేసిన శాసనము దూరవర్తకమున కొన్నవానికి కారణము చెప్పకయే వస్తువును మరలించుటకు 14 దినముల గడువు నిచ్చినది. కాని తిప్పి పంపు ఖర్చు, అమ్మువాడు తానై భరింతునని యొప్పుకొన్నప్పుడు దప్ప, సామాన్యముగా కొన్నవానిదే. వస్తువు స్వభావమును, పనితీరును తెలిసికొనుటకు కావలసిన దానికంటె నెక్కువగా వాడి దాని విలువను తగ్గించినచో ఆ తగ్గుదలకును కొన్నవాడే బాధ్యుడు. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2020 జూలైలో వెలువడిన ఇ-కామర్సు నియమములు లోపము గలవి, నకిలీవి, వర్ణించినట్లు లేనివి, చెప్పిన గడువునకు రానివి యగు వస్తువులను తిరిగి పుచ్చుకొన ననుటకు అమ్మువానికి హక్కు లేదనుచున్నవి. కొన్నవాని మనసు మారినంత మాత్రమున ఏ లోపము లేని వస్తువును పుచ్చుకొని తీరవలెనని అవి విధింపలేదు. ఆ యౌదార్యము వర్తకులు తామై యిచ్చినది. ఇచ్చినవాని యుద్దేశమును మీఱి యనుభవించు నౌదార్యమునకు దుర్వినియోగమని పేరు.

ఇది పాశ్చాత్యుల కల్పన యని, మన కిది క్రొత్త గనుక మన నీతిలో దీనికి తావు లేదని కొందఱనవచ్చును. అట్లనువారు మన ధర్మశాస్త్రముల నెఱుగరు. కొన్న పిమ్మట కలుగు పశ్చాత్తాపమును మన పూర్వులు 'అనుశయము' అనిరి. క్రయవిక్రయానుశయమును మనువు పదునెనిమిది వివాదపదములలో నొకటిగా లెక్కించి, కొన్నవానికిని అమ్మినవానికిని పది దినముల గడువు నిచ్చెను. కౌటిల్యుడు వర్తకులకు ఒక రాత్రియు, కర్షకులకు మూడు రాత్రులును, పశుపాలకులకు అయిదు రాత్రులును అనుశయకాలముగా నిర్ణయించెను. నారదుడు మఱింత సూక్ష్మముగా విచారించెను. కొన్ననాడే చెడకుండ తిప్పి యిచ్చినవానికి పూర్తి వెల చెల్లవలెను. రెండవనాడు తెచ్చినచో వెలలో ముప్పదవ పాలు పోవును. మూడవనాడు దానికి రెట్టింపు పోవును. ఆ మీదట వస్తువు కొన్నవానిదే. పరీక్షకును వస్తువును బట్టి గడువులున్నవి. పాడిపశువునకు మూడు దినములు, బరువు మోయు పశువునకు అయిదు, రత్నములకు ఏడు. ఇనుమునకును బట్టకును ఒక్క దినమే. ఇంతటితో నాగక, కట్టి నలిపి మాపిన బట్ట మొదటినుండి దోషము గలదైనను దానిని అమ్మినవానికి తిప్పి యీయరాదని చెప్పెను. ఎప్పటి నారదస్మృతి, ఎక్కడి నేటి టపాలా మూట! అయినను ట్యాగు దాచి చీర కట్టు మనుష్యుని ఆ స్మృతికర్త యెదుట జూచినట్లే వ్రాసినాడు.

ఈ స్మృతులలోని ప్రతి మాటయు నాకు ప్రమాణము కాదు. దాసీజనులను గూడ పశువులతో పాటు పరీక్షించుటకు గడువులు పెట్టిన గ్రంథము లవి. ఆ భాగమును మనము త్యజించితిమి, త్యజింపవలసినదే. నేను వానిని పేర్కొనుట ఒక్క విషయము చూపుటకు. వాపసు హక్కు క్రొత్తది కాదు. దానికి గట్టు కట్టుటయు క్రొత్తది కాదు. గట్టు లేని వాపసే క్రొత్తది.

ఇక నష్ట మెవరిదో చూతము. వాపసు చేయువాని మనస్సున ఒక మహా కంపెనీ బొమ్మ యుండును. దానికి కోట్లున్నవి, విమానములున్నవి, దాని యజమాని ప్రపంచ ధనికులలో నొకడు. ఒక్క చీర పోయిన వానికేమి? ఈ బొమ్మ చాలవఱకు తప్పు. విదేశీ పెట్టుబడి గల ఆన్‌లైను సంస్థ తన సొంత సరకును తానే ప్రజల కమ్మరాదనియు, అమ్మువానికిని కొనువానికిని నడుమ సంత వలె మాత్రమే యుండవలెననియు భారత ప్రభుత్వము 2016 మార్చిలో ప్రకటించి, 2018 డిసెంబరులో ఆ నిబంధనలను మఱింత బిగించినది. అనగా మనము వాడి తిప్పి పంపు వస్తువు ఆ సంత నడుపువానిది కాదు. ఆ సంతలో అంగడి పెట్టుకొన్న వేఱొక యమ్మకందారునిది. అట్టివారిలో పెద్దవారు నున్నారు గాని, ఒక గదిలో సరకు పేర్చుకొని ఇంటిల్లిపాదియు మూటలు కట్టుకొనువారు నున్నారు.

పోచంపల్లి చీర నొకదానిని తీసికొందము. నేయుటకు ముందే పోగులను ముడులు కట్టి రంగులలో ముంచవలెను. దానికి ముందు ఆసు పోయవలెను; ఒక్క చీరకు చేయి వేలకొలది మాఱులు ఇటునటు నాడవలెను. తల్లి భుజము పడు ఆ బాధను చూడలేకయే చింతకింది మల్లేశము ఆసు యంత్రమును కనిపెట్టి, 2017లో పద్మశ్రీ గౌరవమును పొందెను. ఇంత కష్టముతో నేసిన చీరను దళారి చేతిలో బెట్టక నేరుగా అమ్ముకొందమని నేతవారి యింట చదువుకొన్న కుఱ్ఱవాడు ఆన్‌లైను సంతలో అంగడి తెఱచెననుకొందము. లెక్క కొఱకు చీర వెల మూడు వేల రూపాయలు. పండుగకు పది దినములు ముందుగా ఆర్డరు వచ్చును. అతడు చీరను మడతపెట్టి, సంచిలో నుంచి, అట్టపెట్టెలో బెట్టి పంపును. ఆ క్షణము నుండి ఆ చీర మఱియొకరికి చూపుటకు లేదు. నిజముగా కొనదలచి వచ్చిన మనుష్యునకు 'సరకు లేదు' అని కనబడును. పండుగ జరుగును. చీర కట్టినవారికి ప్రశంసలు వచ్చును. ఏడవనాడో పదియవనాడో చీర తిరిగి వచ్చును. తొలిమడత పోయినది. చంకల కడ చెమట, కొంగున నూనె వాసన, ఎక్కడనో పసుపు మరక. దానిని క్రొత్త చీరగా అమ్మిన అతడు మోసగాడగును. పాత చీరగా అమ్మిన నష్టపోవును. పండుగ బేరము దాటిపోయినది గనుక కొనువారును తక్కువ. పైగా సంస్థ నిబంధనలను బట్టి, వాపసునకు వ్రాసిన కారణమును బట్టి, తిరుగు రవాణా ఖర్చు పెక్కుమాఱులు అతని ఖాతాలోనే కోసికొందురు. కట్టినవారికి ఉచితము, నేసినవారికి జరిమానా. దీనిని నీతి యనుటకు ఏ శాస్త్రము పనికివచ్చును?

మూటను మోసికొని పోవు డెలివరీ కుఱ్ఱవానిని గూడ తలపవలెను. మూడంతస్తులెక్కి వచ్చినప్పుడు 'అమ్మగారు బయటికి పోయినారు, రేపు రమ్ము' అందురు. పెక్కుచోట్ల వానికి జీతము లేదు. మూటకింత యని కూలి. వానివంటి వారికి 'గిగ్ కార్మికులు' అను పేరు మన శాసనములలో మొదట వచ్చినదే 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో. పేరు వచ్చినంత సులభముగా విశ్రాంతి రాలేదు.

తిరిగి వచ్చిన వస్తువు ప్రతిదియు మరల అంగడి కెక్కుననుటయు భ్రమ. విప్పి, పరీక్షించి, శుభ్రము చేసి, మరల మూట కట్టు ఖర్చు కొన్ని వస్తువుల విషయమున వాని వెలనే మించును. అప్పుడు వానిని తక్కువ వెలకు త్రోయుదురు, లేదా నాశము చేయుదురు. అమ్ముడు పోని వస్తువులను నాశము చేయుటను మాన్పుటకై ఫ్రాన్సు దేశము 2020లో చట్టము చేయవలసి వచ్చినది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన శాసనము అమ్ముడు పోని బట్టలను, పాదరక్షలను పెద్ద కంపెనీలు నాశము చేయరాదని 2026 జూలై నుండి గడువు పెట్టినది. కొనువారు తిప్పి పంపినవియు అమ్ముడు పోనివానిలోనే చేరును. అమెరికాలో 2024వ సంవత్సరపు చిల్లర అమ్మకములలో నూటికి దాదాపు 17 పాళ్లు, అనగా 89,000 కోట్ల డాలర్ల సరకు, వాపసు రాగలదని అక్కడి చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్యయే అంచనా కట్టినది. బట్ట నేయుటకు పోసిన నీరును, రంగును, మోయుటకు కాల్చిన నూనెయు ఎవరి పద్దులోను వ్రాయబడకున్నను భూమి పద్దులో వ్రాయబడుచునే యున్నవి.

ఇప్పుడు ప్రతిపక్షుల వాదములను విందము.

'కంపెనీయే కదా ప్రశ్న లడుగక పుచ్చుకొందు ననినది' యనునది మొదటి వాదము. వేసవిలో ఊరి మొదట చలివేంద్రము పెట్టినవాడు వచ్చినవాని దాహము నిజమో కాదో యని ప్రశ్నింపడు. అంతమాత్రమున కుండలు దెచ్చి ఆ నీటితో బండి కడుగుకొనవచ్చునా? ప్రశ్నింపకుండుట అనుమతి కాదు, నమ్మకము. అడుగువాడు లేనప్పుడు తన్ను తానే యడుగుకొనువానినే పెద్దమనిషి యందుము.

'ఆ ఖర్చంతయు ధరలో కలిపియే యున్నది, నేను చెల్లించినదే నే ననుభవించుచున్నాను' అనునది రెండవ వాదము. ధరలో కలిసియున్న మాట కొంత నిజము. అట్లైన ఆ ధరను చెల్లించున దెవరు? తిప్పి పంపువాడు తన పైకమును పూర్తిగా వెనుకకు తీసికొనుచున్నాడు. వాడు చెల్లించిన దేమియు లేదు. కొని యుంచుకొన్నవాడే చెల్లించుచున్నాడు. కూలి డబ్బులు కూడబెట్టి పిల్లవానికి చొక్కా కొని, అది కొంచెము వదులైనను సరిపెట్టుకొన్న తండ్రి, నీవు ఉచితముగా తొడిగి విడిచిన కోటు అద్దెను తన చొక్కా ధరలో చెల్లించుచున్నాడు. ఈ వాదము నిన్ను రక్షింపదు. నీవు దోచినది కంపెనీని కాదు, సాటి కొనుగోలుదారునని రుజువు చేయును.

మూడవ వాదము 'కంపెనీలే మమ్ము మోసగించుచున్నవి' యనుట. మోసము కలదు, నేను కాదనను. గడియారము తిరుగుచున్నట్లు చూపి తొందరపెట్టుట, చెప్పని వస్తువును బుట్టలో చేర్చుట, చివరి మెట్టున రుసుము కలుపుట మొదలగు పదుమూడు మాయోపాయములను పేర్కొని నిషేధించుచు 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములను ప్రకటించినది. అట్టి మోసము జరిగినచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపుడు. వినియోగదారుల కమిషనులో కేసు వేయుడు. ఆ కష్టము పడక, సంత నడుపువాని మీది కోపమున ఆ సంతలో కూర్చున్న నేతగాని చీర మాపుట ప్రతీకారము కాదు. జమీందారు మీది కసితో పాలికాపు కుండ పగులగొట్టుట వంటిది.

'నే నొక్కడను చేసిన నేమి' యనునది నాలుగవది. ఒక్కరొక్కరే చేసినందున ఏమైనదో చూడుడు. అమెరికాలో ఎల్.ఎల్. బీన్ అను ప్రసిద్ధ సంస్థ తన వస్తువులను ఎన్నేండ్లకైనను తిరిగి పుచ్చుకొనుచుండెడిది. పాత సంతలలో ఏరుకొన్న వస్తువులను గూడ జనులు తెచ్చి యిచ్చుచుండగా 2018లో ఆ పద్ధతిని మాని యొక్క సంవత్సరపు గడువు పెట్టినది. జారా సంస్థ 2022లో బ్రిటనులో తపాలా వాపసునకు రుసుము పుచ్చుకొన నారంభించినది. మన దేశమునను పెక్కు వస్తువులకు పైకము వాపసు లేదు, మార్పిడి మాత్రమే యని వ్రాయుట చూచుచున్నాము. దుర్వినియోగము చేసినవాడు తన పండుగ ముగించుకొని పోయినాడు. చినిగిన వస్తువు నిజముగా వచ్చిన విధవరాలు ఫొటోలు దీసి, వీడియోలు పట్టి, నిజము చెప్పుచున్నానని మాటిమాటికి నమ్మించుకొనవలసి వచ్చినది. దొంగ నోటు చెలామణి చేసినవాని పాపము మంచి నోటు పట్టుకొన్నవాని చేతిలో పరీక్షింపబడునట్లే యిది.

అయిదవ వాదమే అన్నిటిలో బలమైనది. 'ధనవంతుల కథ లటుంచుడు. బీదయింటి ఆడపిల్ల కొక్క మంచి చీర లేదు. పెండ్లిచూపులకో ఉద్యోగపు టింటర్వ్యూకో ఒక్కనాడు కట్టుకొని తిప్పి పంపిన మీ ధర్మము మునిగిపోవునా?' ఈ ప్రశ్న విన్నప్పుడు ఆ పిల్ల మీద నాకు కోపము రాదు. ఆమెను ఒక్క చీరతో కొలుచు సంఘము మీద వచ్చును. అయినను మార్గమిది కాదందును. మన యమ్మమ్మలు పొరుగింటి గొలుసును ఎరువు తెచ్చుకొని పెండ్లికి పోయిరి. ఎరువు సొమ్ము బరువు చేటను సామెత యూరకే పుట్టలేదు; తెచ్చుకొన్న సొమ్మునకు వారు భయపడిరి, కాపాడిరి, తిప్పి యిచ్చునప్పుడు కృతజ్ఞత చెప్పిరి. ఆ యెరువులో ఇచ్చినవానికి తెలిసి యిచ్చుట కలదు. నేడును స్నేహితురాలి చీర అడుగవచ్చును. పట్టణములలో బట్టలు అద్దె కిచ్చు దుకాణములును కలవు. అడుగుటకు సిగ్గు, తెలియకుండ వాడుటకు సిగ్గు లేదు! ఒక్కమాఱు ఫొటోలో కనబడిన చీర రెండవమాఱు కనబడరాదను పిచ్చి మన యిండ్లలో బ్రబలి, ఉన్నవారిని లేనివారిగను, లేనివారిని అబద్ధీకులుగను చేయుచున్నది. సంస్కరింపవలసినది దానిని.

అబద్ధమంటిని. దాని మాట యింకను చెప్పవలసి యున్నది. తిప్పి పంపునప్పుడు కారణ మడుగుదురు. 'నచ్చలేదు' అని నిజము వ్రాసిన ఒక్కొక్కచోట రుసుము పడును, లేదా వాపసే దొరకదు. 'వస్తువు పాడైనది', 'చూపినట్లు లేదు' అని వ్రాసిన వెంటనే పైకము వచ్చును. వ్రాలు కాదు, ప్రమాణము కాదు. వ్రేలితో ఒక నొక్కు. ఆ నొక్కుతో చూడని మనుష్యుని మీద, అతడు లేని చోట, అతడు చేయని నేరము మోపుచున్నాము. ఆ నేరము అతని లెక్కలో నిలుచును. అతని రేటింగు తగ్గును. అతని సరకు వరుసలో క్రిందికి జాఱి కొనువారి కంటబడదు. వాదించుకొనుటకు సాక్షులు లేరు. న్యాయస్థానమున బోనెక్కి ఇట్టి మాట చెప్పిన దానిని కూటసాక్ష్యమందుము, శిక్షింతుము. సోఫాలో కూర్చుండి చెప్పినంత మాత్రమున దాని జాతి మాఱునా? చీర వాడుకొనుట వలన పోయినది పైకము. ఈ నొక్కు వలన పోవునది ఒక మనుష్యుని పేరు. నా దృష్టిలో మొదటి తప్పుకంటె నిది పెద్దది.

నేను బడిపంతులను గనుక పిల్లల మాట చెప్పక తప్పదు. ఆ మధ్య తరగతిలో సత్యమును గూర్చిన పాఠము చెప్పుచుండగా ఒక పిల్లవాడు లేచి, వార్షికోత్సవమునకు తాను తొడిగిన షేర్వాణీని మఱునాడే తమ యింటివారు 'సైజు చాలలేదు' అని వ్రాసి తిప్పి పంపిరనియు, ఒక్క పైసయు పోలేదనియు సంతోషముగా చెప్పెను. వాడు తప్పొప్పుకొనలేదు, గొప్ప చెప్పుకొనెను. తరగతిలో ఒక్కరును వెఱగుపడలేదు. నలుగురు ఆ యుపాయమును వివరముగా అడిగిరి. వానిని దండించుటకు నాకు నోరు రాలేదు. నేను నల్లబల్ల మీద వ్రాసిన దానికంటె ఇంటిలో తల్లిదండ్రుల వ్రేలు ఫోను మీద వ్రాసినది స్ఫుటముగా నున్నది. పరీక్షలలో చూచి వ్రాయుట తప్పని ఆ పిల్లవానికి రేపు మనమే నోటితో బోధింతుము?

కంపెనీలు నిర్దోషులని నే ననను. అక్కఱ లేనిది కొనిపించుటకు 'నచ్చకున్న పంపివేయుడు' అను మాటను వారు ఎరగా వాడుచున్నారు. అమ్మకముల లెక్క పెంచుకొని ఆ వాపసుల బరువును చిన్న వర్తకుల నెత్తిన బెట్టుట యౌదార్యము కాదు; ఒకరి సొమ్ముతో మఱియొకరు చేయు దానము. వాపసు ఉచితమని ప్రకటించిన సంస్థయే ఆ ఖర్చును భరింపవలెను. దోషము అమ్మువానిదని తేలినప్పుడే అతని ఖాతాను ముట్టవలెను. నేరము మోపబడినవానికి ఆ వస్తువును, ఆ ఫొటోను చూపి మాటలాడు నవకాశ మీయవలెను. కొలతలను సరిగా వ్రాయవలెను. నేడు ఒక కంపెనీ మధ్యమము మఱియొక కంపెనీకి పెద్దదిగా నున్నది. దాని వలననే నిజాయితీపరులు గూడ రెండు మూడు కొలతలు తెప్పించుకొనవలసి వచ్చుచున్నది. ఇట్లు అమ్మువాని లోపము వలన కలుగు వాపసును కొన్నవాని మీద మోపుట నాకు సమ్మతము కాదు.

సంస్థలు మాఱువఱకు మనము చేయదగినది స్వల్పము. తిప్పి పంపుదు నని ముందే తెలిసిన దానిని తెప్పింపకుండుడు. వచ్చినదానిని ఆనాడే విప్పి చూడుడు. అద్దము ముందు పట్టి చూచుట పరీక్ష, పందిటిలో కట్టి తిరుగుట వాడుక. నచ్చకున్న మడత చెడకుండ వెంటనే పంపుడు. కారణము నిజమైనదే వ్రాయుడు. దాని వలన రుసుము పడిన చెల్లింపుడు. పిల్లల యెదుట ఈ పని చేయుడు; వారు చూచి నేర్చికొందురు.

మనసు మారి చేయు వాపసునకు కొంత వెల యుండుటే మేలని నా యభిప్రాయము. నారదుని లెక్క యిప్పటికిని పనికివచ్చును. మూడు వేల రూపాయల చీరకు ముప్పదవ పాలనగా నూరు రూపాయలు. ఆ నూరును చీర నేసినవానికి చేర్చిన అతని రానుపోను ఖర్చంతయు గాకున్నను కొంతయైన తీరును. ఒక్క సాయంకాలము ఫలాహారశాలలో ఆలోచింపక మనము ఖర్చుపెట్టు పైకమది. దానిని గూడ ఈయ మనసొప్పనివారు ఆ మూటను విప్పకుండుటయే వారికి ఉచితము.